మెరుగైన పొయ్యిల కార్బన్ క్రెడిట్లు: కట్టెలు తూచకుండా లెక్క తేలదు

తక్కువ కట్టెతో మండే మెరుగైన పొయ్యిలకు కార్బన్ క్రెడిట్లు (తగ్గిన ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒకటి చొప్పున ఇచ్చే, అమ్ముకోగలిగే పత్రాలు) లెక్కగట్టడానికి మీరు చేసిన సర్వేలో అందరూ కొత్త పొయ్యే రోజూ వాడుతున్నామన్నారు, కట్టెల ఖర్చు మాత్రం తగ్గలేదన్నారు కదా. లోపం మీ ప్రశ్నలోనే ఉందండీ. మిమ్మల్ని పొయ్యి ఇచ్చినవాళ్ళ మనుషులనుకుంటే ఎవరైనా "వాడుతున్నాం" అనే అంటారు. పైగా అన్నం కొత్తదాని మీద, స్నానానికి నీళ్ళు పాత మూడురాళ్ళ పొయ్యి మీద. "నిన్న పొద్దుటినుంచి ఏది దేని మీద వండారు, కాచారు?" అని అడగండి. పాత పొయ్యిలో బూడిద వెచ్చగా ఉందేమో చెయ్యి పెట్టి చూడండి.

ఆపైన తూకం. ఒక మోపు విడిగా పెట్టించి, ఒకే వేళకు వరసగా 4 రోజులు తూస్తే 3 రోజుల వాడకం తెలుస్తుంది. మధ్యలో తెచ్చిన కట్టెలు తూచకుండా కలిపేస్తారు. ఎక్కువగా చెడేది ఇక్కడే. మీటరుతో కట్టెల తేమ కూడా చూసి రాయండి. పండగ రోజులు వద్దు. ఇళ్ళను ఒకదానితో ఒకటి పోల్చడానికి, తిన్నవాళ్ళలో 15–59 ఏళ్ళ మగవాళ్ళకు 1, 14 దాటిన ఆడవాళ్ళకు 0.8, పిల్లలకు 0.5 చొప్పున వేసి, ఆ మొత్తంతో కట్టెల వాడకాన్ని భాగించండి.

ఆదా అయిన ఆరిన కట్టె టన్నుకు 0.0156 టెరాజౌళ్ళ వేడి (టెరాజౌలు శక్తికి కొలమానం), టెరాజౌలుకు 112 టన్నుల కార్బన్ డయాక్సైడ్: సుమారు 1.75 టన్నులు. దీన్ని తిరిగి పెరగని కట్టె వాటాతో (వాడిన కట్టెలో మళ్ళీ పెరిగి భర్తీ కాని భాగంతో) గుణించాలి. ఎండుపుల్లలు ఏరుకునే ఊరికి దేశం మొత్తం వాటా వేస్తే క్రెడిట్లు ఉబ్బిపోతాయి.