మార్టేరు వెళ్లి రండి, తర్వాత ఎంబీఏ సంగతి చూద్దాం

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఏజీ బీఎస్సీ చివరి ఏడాది. ప్లాంట్ బ్రీడింగ్‌లో (కొత్త పంట రకాలు తయారుచేసే శాస్త్రంలో) ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ అంటోంది. చుట్టాలేమో ఇంక్యుబేషన్ సెంటర్ (కొత్త కంపెనీలు పెట్టేవాళ్లకు చోటు, సాయం ఇచ్చే విభాగం) ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలో స్టార్టప్ ఎంబీఏ చేయించమంటున్నారు. పరిశోధనలో డబ్బుంటుందా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అడిగింది కోర్సుల గురించే గానీ మీ టెన్షన్ వేరండి. ముప్పై ఏళ్లొచ్చినా పిల్ల చదువుతూనే ఉంటుందేమో, పెళ్లి మాటెత్తితే ఏం చెప్పాలి అని. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఊరి పేరు మారుతుందంతే.

పాలకొల్లు రైతు ఈ ప్రశ్న అడిగితే మాత్రం నాకు కాస్త కోపమొచ్చింది, ఏమనుకోకండి. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఎప్పుడో ఒకప్పుడు స్వర్ణ వరి వేసే ఉంటారు. సంచి మీద ఎంటీయూ 7029 అని ఉంటుందే, ఆ ఎంటీయూ మీ పక్కనున్న మార్టేరే. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఆ రకం ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. ముంపును తట్టుకునే జన్యువు చేర్చిన స్వర్ణ సబ్-1 కూడా 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ రకాల వల్ల వచ్చిన డబ్బంతా యూనివర్సిటీ ఖాతాలో పడలేదు. రైతు దాచుకున్న విత్తనమే మళ్లీ చల్లుకోవచ్చు కాబట్టి లాభం చేలకీ, మిల్లులకీ, లారీలకీ, కూలీలకీ వెళ్లిపోయింది. మీ ఇంటికీ కొంత వచ్చే ఉంటుంది, లెక్క రాసుకోలేదు గానీ.

ఇక ఇంక్యుబేషన్ సెంటర్ల మీద నా అనుమానాలు చెప్తాను. బ్రోషర్లో ‘ఇన్ని పేటెంట్లు పబ్లిష్ అయ్యాయి’ అని ఉంటే మురిసిపోకండి. దరఖాస్తు పెడితే మామూలుగా 18 నెలలకు దానంతటదే పబ్లిష్ అవుతుంది. మంజూరైనవెన్ని, వాటిలో ఏ కంపెనీ అయినా డబ్బిచ్చి లైసెన్సు తీసుకున్నవెన్ని అని అడగండి. నేను అడిగిన ఒక కాలేజీలో కాఫీ ఇచ్చి మాట మార్చారు. విత్తనానికైతే మన చట్టంలో అసలు పేటెంటే లేదు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద రకాన్ని రిజిస్టర్ చేసుకోవాలి, పైరు పంటలకు 15 ఏళ్ల రక్షణ. ఈ సంగతి ఆ ఎంబీఏలో ఎవరైనా చెప్తారా అని నా సందేహం.

స్టార్టప్‌లంటే నాకు పగేమీ లేదు. ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్లు ఐఐటీ మద్రాసులోనే మొదలయ్యాయి. కాకపోతే అక్కడ ముందు ఇంజినీరింగ్ వచ్చింది, కంపెనీ దాని వెనకాల వచ్చింది. చేతిలో సరుకు లేకుండా దుకాణం తెరవడం నేర్పితే ఏం లాభం?

పోల్చమన్నారు కదా: ఎంబీఏ రెండేళ్లు, ఫీజు మీది. పరిశోధన ఆరేడేళ్లు పడుతుంది. కానీ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో నెలనెలా డబ్బు వాళ్లే ఇస్తారు. తర్వాత విత్తన కంపెనీలున్నాయి, యూనివర్సిటీలున్నాయి. పిల్ల రోడ్డున పడదు.

ఈ సార్వాలో వరి పూతకొచ్చినప్పుడు ఇద్దరూ మార్టేరు వెళ్లండి. రెండు రకాలను కలిపి కొత్తది పుట్టించడానికి అక్కడ ఒక్కో గింజ కొన కత్తిరించి, పట్టకారుతో పుప్పొడి తిత్తులు లాగేసి, కంకికి కాగితపు సంచి తొడుగుతారు. నడుం పట్టేసే పని. అది చూసి అమ్మాయికి విసుగొస్తే అప్పుడు ఆ బ్రోషర్ తీయండి. మీకొచ్చిన విసుగు లెక్కలోకి రాదు.