బోరు నీళ్లలో ఫ్లోరైడ్: బడిలోనే పరీక్ష

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. మిషన్ భగీరథ నల్లా నీళ్లొస్తున్నా కొందరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు. ఖరీదైన మీటరు లేకుండా మా బడిలో ఫ్లోరైడ్ పరీక్ష చేయొచ్చా సార్? – ఒక సైన్స్ టీచరు

జవాబు: నిక్షేపంగా చేయొచ్చమ్మా. జిర్కోనియం అనే లోహపు లవణం, అలిజరిన్ అనే రంగు పదార్థం కలిస్తే ఎర్రటి రంగొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని తనవైపు లాగేసుకుంటుంది; ఎరుపు తగ్గి పసుపు తేలుతుంది. ఈ రసాయనం కిట్లలో సిద్ధంగా దొరుకుతుంది.

కిట్‌తో వచ్చే రంగుల కార్డును మాత్రం నేను నమ్మను, ఎండకు వెలిసిపోతుంది. పోల్చడానికి ద్రావణాలు మీరే కలుపుకోండి. 221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ అవుతుంది. అందులో 10 మి.లీ. తీసి లీటరు చేస్తే 1 మి.గ్రా., 15 మి.లీ. తీస్తే 1.5. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మి.గ్రా. వేరే నీటి వసతి లేనప్పుడే 1.5 దాకా ఒప్పుకుంటారు. సోడియం ఫ్లోరైడ్ పొడి విషం, పిల్లల చేతికివ్వకండి. తూకం దగ్గర్లోని కాలేజీ ల్యాబ్‌లో వేయించండి.

అన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంచండి. బోరు నీళ్లు, రెండు ద్రావణాలు సమానంగా తీసుకుని, ఒకేసారి రసాయనం కలిపి, తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి పైనుంచి చూడండి. ఫోన్‌తో తీస్తే మూడూ ఒకే ఫోటోలో పడాలి.

పటిక వేసిన నీళ్లకు ఈ పరీక్ష పెట్టొద్దు. పటికలోని అల్యూమినియం, నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పట్టేసుకోవడంతో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బోరు నీళ్లు 1.5 ద్రావణం కన్నా పసుపుగా కనిపిస్తే, అంటే 1.5 దాటినట్టుంటే, సీసాడు నీళ్లు జిల్లా ల్యాబ్‌కు పంపండి. ఈలోగా ఆ నీళ్లు తాగనివ్వకండి, వండనివ్వకండి. కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.