టైమ్ బాలేదంటున్న వంశీకి

విజయవాడ

చిరంజీవి వంశీని పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. షెడ్డులో కంప్రెసర్ నడుస్తోంది, నువ్వేమో ఏడుపు ఆపుకుంటున్నావు. ముందు కారు ఆయిల్ మీద జారి నీకు అడ్డం తిరిగింది, రెండు పాయింట్లతో ఛాంపియన్‌షిప్ పోయింది, "నా టైమ్ బాలేదు పెదనాన్నా" అన్నావు. నిజమే, ఆ ఆయిల్ నువ్వు పోయలేదు. రేసుల్లో అదృష్టమనేదే లేదని చెప్పేవాడు ఒక్క రేసు కూడా చేసి ఉండడు. కానీ దాని లెక్క ఎలా రాసుకోవాలో నీకెవరూ చెప్పినట్టు లేదు.

రెండు వందల పేజీల పుస్తకం ఒకటి కొనుక్కో. ప్రతి రేసు తర్వాత ఆ రాత్రే, పడుకోకముందే, పేజీకి మూడు గళ్లు గీయి. మొదటి గడిలో నీ చేతులారా పోగొట్టుకున్న పాయింట్లు. రెండో దాంట్లో నీ ప్రమేయం లేకుండా పోయినవి. మూడో దాంట్లో నీ ప్రమేయం లేకుండా వచ్చిపడినవి. మొదటి గడి రాయడానికి సిగ్గేస్తుంది. రెండో గడి దగ్గర పెన్ను ఆగమన్నా ఆగదు. మూడోది ఎవడూ రాయడు.

2008 ఫార్ములా వన్‌లో ఫెలిపె మాస్సా పేజీ ఎలా ఉంటుందో చూడు. అది నేను చాలాసార్లు రాసి చూసుకున్నాను. ఆఖరి రేసు అతని సొంత ఊరు సావో పాలోలో. వాన, మధ్యలో ఎండ, మళ్లీ వాన. మాస్సా గెలిచాడు, గీత దాటేశాడు. ఆ క్షణానికి ఛాంపియన్ అతనే. గ్యారేజీలో ఇంట్లోవాళ్లంతా ఎగిరి గంతులేస్తున్నారు. కిరీటానికి అతనితో పోటీపడుతున్న లూయిస్ హామిల్టన్ వెనకాల ఆరో స్థానంలో ఉన్నాడు. అలాగే ముగిస్తే ఇద్దరికీ చెరో 97 పాయింట్లు, గెలిచిన రేసులు ఎక్కువ కాబట్టి కిరీటం మాస్సాది. చివరి ల్యాప్‌లో, ఇంకో మలుపు తిరిగితే మెయిన్ స్ట్రెయిట్ వస్తుందనగా, హామిల్టన్ టిమో గ్లాక్ అనే డ్రైవర్‌ను దాటి అయిదో స్థానానికి వచ్చాడు. 98, 97. గంతులేసినవాళ్లు గంతు మధ్యలోనే ఆగిపోయారు.

గ్లాక్ కావాలనే దారిచ్చాడని పాపం అతన్ని నానా మాటలూ అన్నారు. దాదాపు అందరూ వాన టైర్లకు మారినప్పుడు అతను డ్రై టైర్లతోనే ఉండిపోయాడు. అసలు అంత ముందుకు వచ్చిందే ఆ తెగింపు వల్ల. చివరి ల్యాప్‌లో వాన పెరిగి కారు పట్టు తప్పింది, అంతే.

సరే, మాస్సా రెండో గడి. హంగరీలో లీడ్‌లో ఉండగా, ఇంకా మూడు ల్యాపులే ఉన్నాయనగా, ఇంజిన్ పోయింది. సింగపూర్‌లో ముందున్నవాడు పెట్రోలు, టైర్ల కోసం పిట్‌కి వస్తే, పెట్రోలు గొట్టం ఊడకముందే పచ్చ లైటు వెలిగింది. గొట్టాన్ని ఈడ్చుకుంటూ వెళ్లాడు, పదమూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ రోజు సేఫ్టీ కారు, అంటే ప్రమాదం జరిగినప్పుడు అందర్నీ నెమ్మదిగా నడిపించే కారు, వచ్చిందే ఇంకో టీమ్ కుర్రాడు కావాలని గోడకు గుద్దడం వల్ల అని మరుసటి ఏడాది బయటపడింది. ఈ గడి నిండినట్టు ఇంకెవరి గడీ నిండలేదు అనిపిస్తుంది కదా?

ఇప్పుడు మొదటి గడి. మలేషియాలో రెండో స్థానంలో హాయిగా పోతున్నవాడు తనంతట తానే స్పిన్ అయి ట్రాక్ పక్కన కంకరలో కూరుకుపోయాడు. సిల్వర్‌స్టోన్ వానలో ఒక్క రేసులో అయిదుసార్లు తిరిగాడు. పోయిన కిరీటం ఎంతకి? ఒక్క పాయింటుకి.

మూడో గడి కూడా ఉంది. బెల్జియంలో గీత ముందు దాటింది హామిల్టన్. షికేన్ (మెలికల మలుపు) తిరగకుండా అడ్డంగా కోసి లాభపడ్డాడని 25 సెకన్లు పెనాల్టీ వేసి మూడో స్థానానికి దింపారు, గెలుపు మాస్సాకు వచ్చింది. ఇద్దరి మధ్య లెక్కలో ఆ ఒక్క నిర్ణయం ఆరు పాయింట్ల తేడా. మాస్సాకు జరిగిన అన్యాయం చెప్పేవాళ్లు ఈ ముక్క దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తారు, గమనించు. నేనూ చాలా ఏళ్లు తగ్గించాను, నాకు మాస్సా అంటే ఇష్టం.

ఇక నా సంగతి. చెన్నై దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో నేను పద్మిని కారు తోలేవాణ్ణి. ఒకసారి రెండు ల్యాపులుండగా లీడ్‌లో ఉన్నాను. యాక్సిలరేటర్ కేబుల్ తెగింది. పెడల్ నేలకు అంటుకుపోయి, కాలి కింద చచ్చినట్టు పడి ఉంది. కారు మెల్లగా ఆగింది, ఒక్కొక్కడే పక్కనుంచి వెళ్లిపోయాడు. "నీ జాతకం బాలేదురా" అని అందరూ భుజం తట్టారు. నేను ఊఁ కొట్టాను. నిజం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం రాత్రి టార్చి లైటు వేసి చూసినప్పుడు ఆ కేబుల్ చివర రెండు పోగులు విడిపోయి మీసాల్లా లేచి ఉన్నాయి. వేలికి గుచ్చుకున్నాయి కూడా. కొంచెం గ్రీజు రాసి, రేపు మారుద్దాంలే అనుకున్నాను. అది రెండో గడిలో రాసుకుంటే దొంగలెక్క. నీ ఆయిల్ సంగతి కూడా ఒకసారి ఆలోచించు. ట్రాక్ జారుతోందని చెప్పే పసుపు, ఎరుపు చారల జెండా ముందు ల్యాప్ నుంచే ఊపుతున్నారని మీ మెకానిక్ చెప్పాడు. చూశావా, చూడలేదా? నాకు చెప్పక్కర్లేదు, పుస్తకంలో రాయి.

ఇంకోటి. ఏది దురదృష్టమో వచ్చినప్పుడే తేల్చేయకు. 1986లో అడిలైడ్‌లో ఆఖరి రేసు. ఛాంపియన్ కావడానికి నైజెల్ మాన్సెల్‌కు మూడో స్థానం చాలు. రేసు మధ్యలో అలైన్ ప్రాస్ట్‌కు పంక్చరై పిట్‌కి పోవాల్సి వచ్చింది, టైమ్ పోయింది. ఇక అయిపోయిందనుకున్నారు. ఆ పంక్చర్ పుణ్యమా అని అతనికి కొత్త టైర్లు పడ్డాయి. మాన్సెల్ పాత టైర్లతోనే పోతూ పోతూ స్ట్రెయిట్‌లో నిప్పురవ్వలు చిమ్ముతూ టైరు పేల్చుకున్నాడు. ఛాంపియన్ ప్రాస్ట్. అదే ప్రాస్ట్ 1984లో మొనాకో వానలో ముందున్నాడు, రేసు ఆపమని చేయి ఊపాడు, ఆపారు. నడవాల్సినంత దూరం నడవలేదని సగం పాయింట్లే ఇచ్చారు, నాలుగున్నర. రేసు పూర్తిగా నడిచి రెండో స్థానంలో వచ్చినా ఆరు వచ్చేవి. ఆ ఏడాది నికీ లౌడా చేతిలో ఓడిపోయింది అర పాయింటుతో.

2021లో హామిల్టన్, వెర్‌స్టాపెన్ కిరీటం కోసం తలపడిన అబుదాబి ఆఖరి రేసు గురించి నువ్వు అడుగుతావని తెలుసు. లతీఫీ అనే ఇంకో డ్రైవర్ గోడకు గుద్ది సేఫ్టీ కారు రావడం ముందున్న హామిల్టన్‌కు దురదృష్టం, వెర్‌స్టాపెన్‌కు అదృష్టం. అంతవరకే. వాళ్లిద్దరి మధ్యలో ఉన్న అయిదు కార్లనే ముందుకు వదిలి చివరి ల్యాప్ రేసు పెట్టింది ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. దాన్ని అదృష్టమని పిలవడం నాకిష్టం లేదు.

అలాగే 1958లో స్టిర్లింగ్ మాస్ ఒక్క పాయింటుతో ఓడిపోవడాన్ని కూడా దురదృష్టం అనను. పోర్చుగల్‌లో మైక్ హాథార్న్‌ను డిస్‌క్వాలిఫై చేస్తే, తనకు పోటీదారని తెలిసీ మాస్ స్వయంగా వెళ్లి అతని తప్పు లేదని సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి, కిరీటం గెలిచాడు. మాస్ జీవితంలో ఒక్కసారి కూడా ఆ కిరీటం గెలవలేదు. దానికి నా మూడు గళ్లలో చోటు లేదురా.

ఇక పనిలోకి వద్దాం. ఫార్ములా వన్‌లో ఇరవై పైచిలుకు రేసులుంటే ఒకదాని నష్టం ఇంకోదాంట్లో పూడుతుంది. 2023లో వెర్‌స్టాపెన్ 22 రేసుల్లో 19 గెలిచాడు, అతని గెలుపులో అదృష్టం వాటా ఎంతని ఎవరడుగుతారు? మీ సీజన్‌లో రౌండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కటి సున్నా అయితే పూడ్చుకునే జాగా లేదు. కాబట్టి నాలుగో స్థానం ఖాయంగా ఉన్నప్పుడు మూడో వాడి పక్కన ఇరుకులో ముక్కు దూర్చకు. కేబుళ్లు, హోసులు, బెల్టులు బాగున్నా సరే, రెండు రౌండ్లకోసారి మార్చేయి. డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నను అడగకు.

మీ పెద్దమ్మ నిమ్మకాయలు, మిరపకాయలు దారానికి గుచ్చి ఈ ఉత్తరంతో పంపుతోంది. కట్టుకో, వద్దనకు. కానీ రేడియేటర్ ముందు మాత్రం కట్టకు, గాలి ఆగుతుంది.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు పోయిన సీజన్ అంతా రాసిన పేజీలు ముందు పెట్టుకుని కూర్చో. మొదటి రెండు గళ్లు నాకు వద్దు. మూడో గడి చదివి వినిపించు. ఖాళీగా ఉందన్నావో, ఫోన్ పెట్టేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న