బిందె బొమ్మ గురించి పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిట్టితల్లీ,

ఏడాది పొడుగునా మీ ఇంట్లో నీళ్ల వాడకం రాసిపెట్టి, రోజుకో గుడ్డముక్క చొప్పున బొంత కుడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

రోజూ ఒకే వేళకు రాయి. ఏ రంగు దేనికో ముందే తేల్చుకో, మధ్యలో మార్చకు. రాయడం మర్చిపోయిన రోజుకు తెల్లముక్క వెయ్యి. సున్నా వేరు, తెలియకపోవడం వేరు.

అంచు మీద బిందెల బొమ్మలు కూడా కుడతావట. నా గుబులంతా అక్కడే.

నేను బళ్లో లెక్కలు చెప్పే రోజుల్లో, పిల్లలతో ఇల్లిల్లూ తిరిగి ఎవరెన్ని బిందెలు పట్టుకుంటున్నారో రాయించాను. పై వీధిలో ఇంటికి 6, కింది వీధిలో 12. చార్టు మీద పై వీధికో బిందె, కింది వీధికి దానికి రెట్టింపు ఎత్తు బిందె గీశాను. ఎత్తు పెరిగితే వెడల్పూ పెరగాలి కదా, లేకపోతే అది బిందెలా ఉండదు. అంటే కాగితం మీద నాలుగింతలైంది. లోపల పట్టే నీళ్లు తలుచుకుంటే ఎనిమిదింతలు! బొమ్మే చెబుతుందిలెమ్మని అంకెలు వెయ్యలేదు. కింది వీధిలో ఇంటింటా గేదెలున్నాయనీ రాయలేదు. అది చూసిన ఊరి పెద్దలు కింది వీధి కుళాయిని రోజు మార్చి రోజు వదలమన్నారు. వారం తిరక్కుండా ఒక ముసలమ్మ తన బిందె చంకన పెట్టుకొచ్చి, చార్టు పక్కన దించి, "టీచరమ్మా, మా బిందె అంతుందా?" అంది. నోట మాట రాలేదు. చార్టు చింపేశాను. కుళాయి మాత్రం వేసవి దాటేదాకా అలాగే నడిచింది.

వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ అనే సామాజిక శాస్త్రవేత్త 1920ల్లోనే చేసి చూపించిన పద్ధతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది: బొమ్మను పెంచకు, అదే బొమ్మను మళ్లీ మళ్లీ వెయ్యి. 12 అయితే 12 బిందెలు, అన్నీ ఒకే సైజు. గుండ్రాలే కావాలంటే, రెట్టింపుకు వ్యాసార్థం 1.4 రెట్లు చేస్తే చాలు. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ సైనికుల మరణాలను గుండ్రంగా పేర్చిన ముక్కలతో చూపిన చార్టులోనూ లెక్క ముక్క పొడవుది కాదు, వైశాల్యానిది.

కోప్పడుతున్నాననుకోకు. నా చాక్‌పీసుల డబ్బా బోర్లించి రంగులవారీగా పేర్చిన పిల్లవి నువ్వు, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను?

నీళ్లు ఎక్కువైన రోజు ముక్క మీద కారణం చిన్న అక్షరాల్లో కుట్టు. అవి మీ అమ్మ దుప్పట్లు ఉతికిన రోజులు, చుట్టాలొచ్చిన రోజులు. బొంత చూసి ఎవరూ మీ అమ్మను ఒక్క మాట అనకూడదు.

పాత చీరలు రెండు పంపుతున్నాను. నీలంది వెలవదు, ఆ రోజులకు అది వాడు.

నీ పెద్దమ్మ