ఖర్జూరానికి అరబ్బుల జీవితంలో, ఇస్లాంలో అంతటి స్థానం ఎలా వచ్చింది?

అరబ్బులు, ముస్లింలు ఖర్జూరాన్ని అంత గౌరవంగా ఎందుకు చూస్తారని, రంజాన్ ఉపవాసాన్ని దానితోనే ఎందుకు విరమిస్తారని మీరు అడిగారు. ఇప్పటికే వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది చక్కెర, పీచు, పొటాషియం లెక్కలు చెప్పారు. ఆ లెక్కలు సరైనవే అయినా, పోషకాలున్న పండ్లు లోకంలో ఎన్నో ఉండగా వాటిలో వేటికీ ఇంతటి గౌరవం ఎందుకు దక్కలేదో వాటితో తేలదు. నా దృష్టిలో అసలు కారణం ఒక్కటే: మనిషి చేయి పడనిదే ఖర్జూర చెట్టు సరైన కాపు ఇవ్వదు, ఆ చెట్టు తోడు లేనిదే మనిషి ఆ ఎడారిలో తరతరాలు బతికి ఉండేవాడు కాదు. ఈ బంధం ఇస్లాం కన్నా ఎన్నో వందల ఏళ్లు పాతది. ఇస్లాం దానికి ఆచారాన్ని, ధర్మాన్ని జోడించింది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది జగిత్యాల ప్రాంతంలోని గీత కార్మికుల కుటుంబం. మా నాన్నతో పాటు మోకు వేసుకుని తాటిచెట్లు, ఈదులు ఎక్కుతూ పెరిగిన నేను, తరువాత సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోని అల్ అహ్సాలో, మనవాళ్లు మజరా అని పిలిచే తోటలో కొన్నేళ్లు పనిచేశాను. అల్ అహ్సా అంటే చిన్నాచితకా తోట కాదు. అక్కడ 25 లక్షల ఖర్జూర చెట్లు ఉన్నాయని యునెస్కో చెబుతుంది. 2018లో ఆ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ప్రాంతపు పాత పేరు హజర్. ఉన్నచోటికే ఉన్నదాన్ని మోసుకెళ్లే అమాయకుణ్ణి గురించి అరబ్బులు "హజర్‌కు ఖర్జూరాలు అమ్మబోయినట్టు" అని సామెత చెప్పుకుంటారంటే, ఆ తోటల పేరు ఎంత పాతదో ఊహించవచ్చు.

మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద పనికి పెట్టుకున్న యజమాని, ఆయన తండ్రి బాగా వయసు మళ్లినవారు. మేమందరం ఆయనను బాబా అని పిలిచేవాళ్లం. చలి తగ్గుముఖం పట్టి, చెట్ల తలల్లో పూపొత్తులు పగలడం మొదలైన రోజుల్లో, కొడుకులు వద్దన్నా వినకుండా ఆయన రోజూ తోటకు వచ్చేవారు. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాయ పట్టడం దైవాధీనం కాబట్టి, మగ చెట్టు పూపొత్తిని కోసి, అందులోని పిండిలాంటి పుప్పొడి నిండిన రెమ్మలను విడదీసి, ఆడ చెట్టు ఎక్కి, అప్పుడే విచ్చుకున్న పూగెల మధ్యలో వాటిని తలకిందులుగా దూర్చి, జారిపోకుండా ఆకు చీలికతో వదులుగా కట్టాలి. అంతకుముందు మట్టల మొదళ్లలోని ముళ్లను కోసి చేతికి దారి చేసుకోవాలి. ఒక్క ముల్లు దిగబడినా వేలు రోజుల తరబడి వాచి ఉంటుంది.

ఒకరోజు తోటలోకి కొత్తగా వచ్చిన యువకుడు, పొత్తి విచ్చుకోకముందే బలవంతంగా చీల్చి రెమ్మలు పెట్టబోయాడు. కింద చాప మీద కూర్చున్న బాబా చేతికర్రతో నేలను కొట్టి అతణ్ణి దిగిరమ్మన్నారు. కోప్పడతారేమోనని మేము పని ఆపి చూశాము. ఆయన మాత్రం అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఖహ్వా అనే అరబ్బు కాఫీ పోసి, మదీనాలో జరిగిన ఒక సంగతి చెప్పారు. మక్కా నుంచి మదీనాకు వచ్చిన ముహమ్మద్ ప్రవక్త అక్కడి రైతులు ఇలాగే పుప్పొడి కట్టడం చూసి, ఆ పని చేయకపోయినా బాగానే ఉండవచ్చునన్నారట. వారు మానేశారు, ఆ ఏడు కాపు పడిపోయింది. అప్పుడు ప్రవక్త "మీ లోక వ్యవహారాలు మీకే బాగా తెలుసు" అన్నారని, ఈ మాట హదీసుల, అంటే ప్రవక్త మాటలు, పనుల వివరాల, సంకలనమైన సహీహ్ ముస్లింలో ఉందని బాబా వివరించి, ఆ యువకుడి భుజం తట్టి, "రైతుకు తెలిసిన పనిని ప్రవక్తే గౌరవించారు, మరి నువ్వు నేర్చుకోకుండా ఎందుకు తొందరపడతావు?" అని అడిగారు. ఆ తరువాత తనే నాలుగు పొత్తులు చేతిలోకి తీసుకుని, ఏది సిద్ధంగా ఉంది, ఏది ఇంకా రెండు రోజులు ఆగాలి అన్నది వేలితో నొక్కి చూపించారు. ఖర్జూరాన్ని గురించి నేను ఆ తరువాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ చాప మీద విన్నదానికి మించిన జవాబు నాకు దొరకలేదు.

బాబా చెప్పిన ఈ పని ఎంత పాతదంటే, క్రీస్తుపూర్వం 18వ శతాబ్దంలో బాబిలోన్ రాజు హమ్మురాబి చేయించిన శాసనంలోనే దీని ప్రస్తావన ఉంది. తోటను పరాగసంపర్కం కోసం తోటమాలికి అప్పగిస్తే, అతడు పంటలో మూడింట రెండు వంతులు యజమానికి ఇవ్వాలని అందులో ఉంది. అనుమతి లేకుండా చెట్టు నరికినవాడికి అర మీనా (అప్పటి ఒక తూకం) వెండి జరిమానా విధించారు. ఖర్జూరాన్ని గింజ నాటి పెంచితే ఆడదో మగదో ముందుగా తెలియదు, తల్లి రుచి బిడ్డకు రాదు. అందుకే చెట్టు మొదట్లో వచ్చే పిలకను వేరు చేసి నాటుతారు. అల్ అహ్సాలో ఇలా పాత పద్ధతిలో నాటిన ఖలాస్ రకం చెట్టు ప్రతిదీ ఇంకో ఖలాస్ చెట్టు పిలకే. అంటే ఎవరో ఒకరు తరం తరువాత తరంగా, మధ్యలో తెంపకుండా నాటుతూ వచ్చారన్నమాట. ప్రళయ ఘడియ వచ్చినా సరే, చేతిలో ఖర్జూర పిలక ఉంటే, వీలైతే దాన్ని నాటాలని ప్రవక్త చెప్పినట్టున్న హదీసు ఈ నేపథ్యంలో చదివితేనే దాని బరువు తెలుస్తుంది.

ఇక మతగ్రంథాల సంగతి. ఖురాన్ 19వ అధ్యాయంలో, ప్రసవ వేదనతో ఖర్జూర చెట్టు మొదటికి చేరిన మర్యమ్‌కు (ఏసు తల్లి మరియకు) ఆ మానును తనవైపు ఊపమని, పండిన తాజా పళ్లు రాలుతాయని వినిపించిన పిలుపు ఉంది. మదీనాలో కట్టిన తొలి మసీదుకు ఖర్జూర మానులే స్తంభాలు, మట్టలే కప్పు. ఆకు రాలని ఒక చెట్టు ముస్లింను పోలి ఉంటుంది, అది ఏదో చెప్పండి అని ప్రవక్త అడిగితే, జవాబు ఖర్జూరమని తెలిసినా పెద్దల ముందు నోరు విప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నానని ప్రవక్త సహచరుడు ఇబ్న్ ఉమర్ చెప్పుకున్నారు. పుట్టిన బిడ్డ అంగిలికి నమిలిన ఖర్జూరాన్ని రాసే ఆచారమూ ఆ కాలానిదే. వీటన్నిటికన్నా నన్ను కదిలించింది ప్రవక్త భార్య ఆయిషా మాట: నెలల తరబడి మా ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు, ఖర్జూరం, నీళ్లు, ఈ రెండే మమ్మల్ని బతికించాయి అని. ఖర్జూరం లేని ఇంటివారు ఆకలితో ఉన్నవారే అన్న హదీసు కూడా ఆమె ద్వారానే వచ్చింది. ఎండితే ఏడాది పొడవునా నిలవ ఉండే, పొయ్యి అక్కరలేని, ఒంటె సంచిలో మోసుకుపోదగిన తిండి ఎడారిలో ఇంకేముంది?

ఇక్కడ ఒక బాధ చెప్పకుండా ఉండలేను. ఉదయాన్నే అజ్వా అనే మదీనా రకం ఖర్జూరాలు ఏడు తిన్నవారికి ఆ రోజు విషం, చేతబడి హాని చేయవని బుఖారీ అనే హదీసుల సంకలనంలో ఉంది. విశ్వాసులు దాన్ని విశ్వాసంగానే పాటిస్తారు. కానీ మన దగ్గర వ్యాపారులు దాన్ని పట్టుకుని, అజ్వా గింజల పొడితో మధుమేహం, గుండె జబ్బు మాయమవుతాయని వాట్సాప్‌లో ప్రచారం చేస్తున్నారు. మా వాడలో ఒక పెద్దాయన ఆ పొడిని నమ్మి చక్కెర మాత్రలు మానేసి ఆసుపత్రి పాలయ్యారు. తరతరాల భక్తిని ఇలా సరుకుగా మార్చడం ఆ చెట్టుకూ అవమానమే, ఆ ధర్మానికీ అవమానమే. రంజాన్ రాగానే హైదరాబాద్ బజార్లలో పాకం పూసి మెరిపించిన నాసిరకం కాయను మదీనా సరుకని అమ్మేవారి మీదా నాకు ఇదే కోపం. మంచి ఖర్జూరానికి పై మెరుగు అవసరం లేదు.

మరో మాట. 2019లో యునెస్కో ఖర్జూరానికి సంబంధించిన జ్ఞానాన్ని, నైపుణ్యాలను, ఆచారాలను అరబ్బు దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. అది న్యాయమైన గుర్తింపు. అయితే నేను పనిచేసిన కాలంలో ఆ నైపుణ్యం చేతుల్లో ఉన్నవారు నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలవారు, మలయాళీలు, బంగ్లాదేశీయులు కూడా. చెట్టు ఎక్కి, పుప్పొడి కట్టి, గెలలను పలుచన చేసి, మట్టలకు ఆనించి కట్టి, మండుటెండలో కోసి దించిన వారి ప్రస్తావన ఎగ్జిబిషన్లలోని ఫొటోల కింద ఎక్కడా కనబడదు. ఇది మార్చవలసిన విషయమని నేను బలంగా నమ్ముతాను.

చివరిగా ఉపవాస విరమణ సంగతి. ప్రవక్త ముందుగా తాజా పండుతో, అది లేకపోతే ఎండు ఖర్జూరంతో, అదీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్లతో ఉపవాసం విరమించేవారని ఆయన సహచరుడు అనస్ చెప్పారు. ఈ వరుసలో తోట క్యాలెండర్ అంతా ఉంది. చాంద్రమాన నెల కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తూ అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. రుతబ్ అనే మెత్తని తాజా పండు మాత్రం ఎక్కువగా అక్కడి ఎండాకాలంలోనే దొరుకుతుంది. 2014, 2015లో రంజాన్ జూన్, జులై నెలల్లో వచ్చినప్పుడు, తొలి కోతకు వచ్చే రకాల రుతబ్‌ను తోట నుంచే ఇఫ్తార్ పళ్లేల్లోకి చేర్చేవాళ్లం. ఇప్పుడు రంజాన్ చలికాలం వైపు జరిగింది, కనుక తమ్ర్ అనే ఎండు కాయే దిక్కు. హదీసులో మొదటి పేరుగా ఉన్న తాజా పండుతో అక్కడివారు చెట్టు కిందనే మళ్లీ ఉపవాసం విరమించాలంటే ఇంకా చాలా ఏళ్లు ఆగాలి.