అధ్యయనాలు చెప్పేదెంత, మనం వినేదెంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "ఫలానా అధ్యయనంలో తేలిందట, నిజమేనా?" అని అడిగినవే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకటి పిల్లల మనస్తత్వానికి సంబంధించినది, రెండు మైక్రోవేవ్ తరంగాల గురించినవి, చివరిది మందులకు లొంగని బ్యాక్టీరియా గురించినది.

ప్రశ్న: మా పాప చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మిఠాయి ఎదురుగా ఉన్నా తినకుండా పావుగంట ఆగగలిగిన పిల్లలే పెద్దయ్యాక బాగా చదువుతారని, స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో ఇది రుజువైందని అక్కడ చెప్పారు. ఇంటికి వచ్చి పాప ముందు లడ్డూ పెడితే నిమిషం కూడా ఆగలేదు. దిగులు పడాలా?
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: దిగులు పడవలసిన పని లేదు. మీరు విన్నది వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960ల చివరి నుంచి చేసిన ప్రయోగాల గురించి. నాలుగేళ్ల వయసు పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయినో, బిస్కెట్టునో పెట్టి, "నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకొకటి ఇస్తాను" అని చెప్పి పరిశోధకులు గది బయటకు వెళ్లేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక వివరాలు సేకరించి 1990లో ప్రచురించిన పత్రంలో, ఎక్కువసేపు ఆగినవారికి కళాశాల ప్రవేశ పరీక్షలో మెరుగైన మార్కులు వచ్చాయని రాశారు. ఆ మార్కుల లెక్క మాత్రం యాభై మంది కూడా లేని పిల్లలకు సంబంధించినది. పైగా వారంతా విశ్వవిద్యాలయం ఆవరణలోని నర్సరీ బడి పిల్లలు, అంటే ఎక్కువగా చదువుకున్న ఇళ్ల నుంచి వచ్చినవారు. ఇంత చిన్న సంఖ్యను బట్టి తొందరపడి నిర్ణయానికి రావద్దని పత్రం రాసినవారే హెచ్చరించారు. కథ దేశాలు దాటింది గాని హెచ్చరిక దాటలేదు.

2018లో టైలర్ వాట్స్, ఆయన సహచరులు తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలతో ఇదే ప్రశ్నను మళ్లీ పరిశీలించారు. ఈసారి తల్లి కళాశాల చదువు పూర్తి చేయని ఇళ్ల పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. మిఠాయి ముందు ఆగగలగడానికీ, పదిహేనేళ్ల వయసులో చదువుకూ ఉన్న సంబంధం పాత అంచనాలో సగమే కనిపించింది. కుటుంబ పరిస్థితులను, ఇంటి వాతావరణాన్ని, చిన్ననాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకున్నాక అందులోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. ఆగగలిగే గుణం కంటే ఆ గుణం పెరిగిన ఇల్లే ఎక్కువ చెబుతోందన్నమాట. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన ప్రయోగం నాకు ఇంకా ఆసక్తికరంగా తోస్తుంది. మిఠాయి పరీక్షకు ముందు కొందరు పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని చెప్పి నిజంగానే తెచ్చి ఇచ్చారు. మరికొందరికి అదే మాట చెప్పి, తర్వాత "లేవు, క్షమించు" అన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగితే, మాట తప్పిన పెద్దల దగ్గర 3 నిమిషాలే ఆగారు. ఇందులో పాల్గొన్నది 28 మంది పిల్లలే కాబట్టి దీన్ని కూడా తుది తీర్పుగా తీసుకోకూడదు. అయినా, ఇస్తామన్నది ఇవ్వనివారి దగ్గర చేతికి అందినది వెంటనే తినేయడం తెలివితక్కువతనం కాదని ఒప్పుకోక తప్పదు.

మనస్తత్వ శాస్త్రంలో ఇలాంటి పునఃపరిశీలన ఈ ఒక్క ప్రయోగానికే పరిమితం కాలేదు. బ్రయన్ నోసెక్ నేతృత్వంలో పెద్ద బృందం ఒకటి పేరున్న పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను తిరిగి చేసి 2015లో ఫలితాలు వెల్లడించింది. మొదటిసారి వాటిలో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ, అంటే కాకతాళీయమని సులువుగా కొట్టిపారేయలేని, ఫలితం చూపగా, రెండోసారి 36 శాతమే చూపాయి. అంటే మిగిలినవన్నీ మోసాలని కాదు. మనుషులు మారతారు, పాల్గొనేవారి సంఖ్య తక్కువగా ఉంటుంది, అనుకూల ఫలితం వచ్చిన పత్రమే అచ్చుకు నోచుకుంటుంది.

ప్రశ్న: మనుషుల మీద చేసే పరిశోధనలో తేడాలు రావడం సహజమే. పరికరాలతో కొలిచే మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ వంటి రంగాల్లో ఆ చిక్కు ఉండదు కదా?
— విశాఖపట్నం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ఉంటుంది. అక్కడ చిక్కు మనిషిలో కాక గదిలోనో, తీగలోనో, పక్క వంటింట్లోనో దాక్కుంటుంది. వంటిల్లు అన్నది మాటవరసకు కాదు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ అనే చోట 64 మీటర్ల వ్యాసం గల రేడియో దూరదర్శిని ఉంది. 2001లో అది నమోదు చేసిన సమాచారంలో, సెకనులో వెయ్యో వంతులతో కొలవవలసినంత క్లుప్తమైన రేడియో మెరుపు ఒకటి ఉన్నట్లు 2007లో గుర్తించారు. అది సుదూర అంతరిక్షం నుంచి వచ్చినట్లు కనిపించింది. అయితే అదే దూరదర్శినికి దాదాపు అలాంటి పోలికలతోనే మరికొన్ని సంకేతాలు కూడా అందుతుండేవి. వాటికి పెరిటాన్లు అని పేరు పెట్టారు. ఆకాశంలో ఒక బిందువు నుంచి వచ్చే సంకేతం గ్రాహకంలోని 13 పుంజాల్లో (ఒక్కొక్కటి ఆకాశంలో వేర్వేరు చోటును చూస్తుంది) ఒకటి రెండింటిలోనే కనిపించాలి. పెరిటాన్లు మాత్రం అన్నింటిలో ఒకేసారి కనిపించేవి. అంటే అవి దగ్గరి నుంచి వస్తున్నవే. పైగా ఎక్కువగా పనివేళల్లోనే వచ్చేవి. నక్షత్రాలకు భోజన విరామం ఉండదు గనుక అనుమానం మనుషుల మీదికి మళ్లింది.

అప్పట్లో డాక్టరేట్ విద్యార్థినిగా ఉన్న ఎమిలీ పెట్రాఫ్, ఆమె సహచరులు పరిసరాల్లోని రేడియో రొదను ఎప్పటికప్పుడు నమోదు చేసే పరికరం సాయంతో 2015 జనవరిలో మూడు పెరిటాన్లను పట్టుకున్నారు. ఆ మూడు సందర్భాల్లోనూ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర మరో సంకేతం కూడా ఉంది. మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేసేది ఆ పౌనఃపున్యం దగ్గరే. ఓవెన్‌ను మామూలుగా నడిపి చూస్తే ఏమీ రాలేదు. సమయం పూర్తికాకముందే తలుపు లాగి తెరిచినప్పుడు మాత్రం, లోపల తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ ఆగిపోయే ఆ కాస్త వ్యవధిలో వెలువడిన తరంగాలు బయటపడి, దూరదర్శిని వాటికి అనువైన దిక్కుకు తిరిగి ఉంటే పెరిటాన్‌గా నమోదయ్యాయి. ఇంతటితో 2001 నాటి మెరుపు కూడా వంటింటి సరుకే అని తేలిందా అంటే, అదీ కాదు. పెరిటాన్లకు కారణం తెలియడంతో అసలు మెరుపులను వాటి నుంచి వేరుచేయడం సాధ్యమైంది, వాటి మీద నమ్మకమూ పెరిగింది.

దీనికి ముందు తరంలో ఇలాంటి ఉదాహరణే మరొకటి ఉంది. అమెరికాలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ 1964లో తమ కొమ్ము ఆకారపు యాంటెన్నాలో 7.35 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎంతకీ పోని రొదను గమనించారు. యాంటెన్నాలో గూడు కట్టుకున్న పావురాలను పంపించి, వాటి రెట్టలను కడిగించి, అతుకులకు టేపు వేసి చూశారు. రొద పోలేదు. అది విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వికిరణమని తర్వాత తేలి, 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పార్క్స్‌లో వెతికితే ఓవెన్ దొరికింది, హోమ్‌డెల్‌లో విశ్వం దొరికింది. వెతికిన పద్ధతి ఒక్కటే. ఒక పరికరం తరంగాలు మరో పరికరాన్ని ఎలా ఇబ్బంది పెడతాయో పరీక్షించడం ఇప్పుడు ప్రత్యేక విద్య. ఆ పని చేసే సమీర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ కేంద్రం మీ విశాఖలోనే ఉంది, వీలైతే చూసి రండి.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడి చేసిన అన్నం తింటే క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా?
— కరీంనగర్ నుంచి ఒక గృహిణి

జవాబు: నిజం కాదు. ఇంటి ఓవెన్‌లోని తరంగాల పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్. వాటి ఒక్కో ఫోటాన్ (తరంగ శక్తిలో అతి చిన్న మోతాదు) శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) లక్షో వంతు. రసాయన బంధాన్ని తెంచాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి కనుక, ఈ తరంగాలు పదార్థంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టించగలవే తప్ప జన్యువులను మార్చలేవు, అన్నంలో రేడియోధార్మికతను నింపలేవు. తలుపు సరిగ్గా మూసుకోని పాత ఓవెన్‌ను మాత్రం వాడవద్దు. జాగ్రత్త పడవలసింది ఇంకొక విషయంలో: ఓవెన్‌లో వేడి అన్ని చోట్లా సమానంగా పడదు. రాత్రి మిగిలిన మాంసం కూర అంచుల్లో పొగలు కక్కుతూ నడుమ చల్లగా ఉంటే, ఆ నడుమ బ్యాక్టీరియా క్షేమంగా ఉంటుంది. మధ్యలో ఆపి, కలిపి, మళ్లీ వేడి చేయండి.

ప్రశ్న: మందులు ఎక్కువ వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడి పనిచేయవంటారు. మా పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ల వల్ల కూడా అలా జరుగుతుందని ఏదో విదేశీ పరిశోధనలో ఉందట. కాస్త వివరిస్తారా? డాక్టరు రాసిన కోర్సు పూర్తిగా వాడాలా అన్నదీ చెప్పండి.
— సంగారెడ్డి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: ముందుగా ఒక సవరణ. అలవాటు పడేది మన ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అందువల్లనే ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని మనిషికి కూడా మందుకు లొంగని జబ్బు సోకవచ్చు. ఇంకా లోతుకు వెళ్తే, అలవాటు అన్న మాట బ్యాక్టీరియాకూ అంతగా అతకదు. ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు 1952లో దీన్ని చక్కగా చూపించారు. పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియా గుంపుల మీద మఖమల్ గుడ్డను అద్ది, ఆ గుడ్డను స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన మరో పళ్లెం మీద అద్దారు. మందు ఉన్న పళ్లెంలో ఏయే చోట్ల బ్యాక్టీరియా బతికిందో గుర్తించి, మొదటి పళ్లెంలో సరిగ్గా అవే చోట్ల వెతికితే, మందు ముఖమే చూడని నిరోధక బ్యాక్టీరియా అక్కడ ముందే ఉంది. అంటే మందు నిరోధకతను పుట్టించడం లేదు. యాదృచ్ఛికంగా ఆ మార్పు వచ్చిన వాటిని మిగిల్చి, మిగతావాటిని తుడిచేస్తోంది.

ఈ ఏరివేత ఎంత వేగంగా సాగుతుందో మైకేల్ బేమ్, రాయ్ కిషోనీ బృందం 2016లో కళ్లకు కట్టింది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు గల పళ్లెంలో నల్లరంగు కలిపిన అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ వంటి పదార్థం) పోసి, రెండు అంచుల్లో మందు లేకుండా, నడిమికి వచ్చే కొద్దీ మోతాదు పదేసి రెట్లు పెరిగేలా పట్టీలు ఏర్పరిచారు. అంచుల్లో వేసిన ఇ. కోలై అనే బ్యాక్టీరియా తెల్లగా పాకుతూ వచ్చి మొదటి గీత దగ్గర ఆగుతుంది. కాసేపటికి ఒక బిందువు నుంచి విసనకర్రలా విచ్చుకుని గీత దాటుతుంది. మళ్లీ ఆగుతుంది, మళ్లీ దాటుతుంది. రెండు వారాలు తిరగకుండానే, మొదట తనను అడ్డుకోగలిగిన ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ మోతాదుకు వెయ్యి రెట్లకు మించినదాన్ని తట్టుకుంటూ నడిమి పట్టీని ఆక్రమించింది. అన్నిటికంటే గట్టి నిరోధకత ఉన్నవి ఎప్పుడూ ముందు వరుసలోనే లేవు. కొన్ని వెనకబడి, తమకంటే వేగంగా పెరిగేవాటి వెనుక ఇరుక్కుపోయాయి. పరిశోధకులు వాటిని తీసి ముందుకు జరిపితే అవి హాయిగా పెరిగాయి.

ఇక పటాన్‌చెరు. మీరు విన్న పరిశోధన స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించినది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థ జలాలు చేరే ఉమ్మడి శుద్ధి కర్మాగారం నుంచి, శుద్ధి పూర్తయ్యాక బయటకు వదిలిన నీటిని వారు పరీక్షించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. రోజుకు బయటకు పోతున్న ఆ మందు మొత్తం సుమారు 45 కిలోలని వారు లెక్క కట్టారు. కొద్ది నమూనాలతో ఇంత మాట అనవచ్చునా అన్న అభ్యంతరం అప్పుడు న్యాయమైనదే. అయితే 2009లో చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా మందుల అవశేషాలు బయటపడ్డాయి. 2011లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, కర్మాగారం దిగువన ఇసకవాగు అడుగు మట్టిలో నిరోధక జన్యువులు పెద్ద మొత్తంలో కనిపించాయి. అందువల్ల అక్కడి నీరు నిరోధక బ్యాక్టీరియాను ఏరి పెంచే చోటుగా మారిందనడానికి ఆధారం గట్టిదే. ఫలానా వ్యక్తికి ఫలానా జబ్బు ఆ వాగు వల్లే వచ్చిందని మాత్రం ఈ పరిశోధనలు చెప్పవు. అలా అంటగట్టి రాసేవారిని నమ్మకండి. నిరోధక జన్యువులు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి చేరగలవు గనుక వాగులోని జన్యువు వాగులోనే ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఢిల్లీలో తీసిన నమూనాలపై 2011లో వచ్చిన అధ్యయనంలో, గుంటల్లో నిలిచిన 171 నీటి నమూనాల్లో 51 చోట్ల, 50 కుళాయి నమూనాల్లో 2 చోట్ల ఎన్‌డీఎం-1 అనే నిరోధక జన్యువు దొరికింది.

కోర్సు సంగతి. కోర్సు మధ్యలో ఆపితే నిరోధకత పెరుగుతుందన్నది చాలాకాలంగా చెబుతున్న మాట. దాన్ని ప్రశ్నిస్తూ 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు వైద్య నిపుణులు వ్యాసం రాశారు. చాలా మామూలు ఇన్ఫెక్షన్ల విషయంలో ఈ మాటకు తగిన ఆధారం లేదని, మందు అవసరానికి మించి ఎక్కువ రోజులు వాడితేనే ఒంట్లోని ఇతర బ్యాక్టీరియాలో నిరోధకత పెరిగే అవకాశం ఎక్కువని వారి వాదన. కొన్ని రకాల న్యుమోనియాకు పది రోజుల బదులు అయిదు రోజుల మందు సరిపోతుందని పరీక్షల్లో తేలింది కూడా. క్షయ విషయం పూర్తిగా వేరు. అక్కడ నెలల తరబడి వాడవలసిన మందులను మధ్యలో మానడం నిజంగానే ప్రమాదకరం. ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి మారుతుంది కాబట్టి, మందు రాసిన రోజునే డాక్టరును "ఎన్నాళ్లు వాడాలి, తగ్గితే ముందే ఆపవచ్చా?" అని అడగండి, మీ అంతట మీరు ఆపవద్దు. జలుబుకు, మామూలు వైరల్ జ్వరానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ అయితే కోర్సు పూర్తి చేయాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. అది మొదలుపెట్టవలసిన మందే కాదు.