మిశ్రమం సమంగా లేకపోతే డెటొనేషన్ తరంగం ఏమవుతుంది?

బెంగళూరులో ఏరోస్పేస్ ఎంటెక్ చేస్తున్న తమ్ముడి ప్రశ్న ఇది: గొట్టంలో హైడ్రోజన్, గాలి సరిగా కలవకపోతే డెటొనేషన్ వేగం కాస్త తగ్గుతుంది, అంతేనా?

అంతే కాదు. డెటొనేషన్ అంటే ముందు షాక్ తరంగం (ధ్వని కన్నా వేగంగా దూసుకెళ్లే పీడన తరంగం), దాన్ని అంటిపెట్టుకుని దహనం. షాక్ వాయువును నొక్కి వేడెక్కిస్తుంది, అలా మండిన వాయువు షాక్‌ను నిలబెడుతుంది. సరైన పాళ్లలో ఉన్న హైడ్రోజన్-గాలి మిశ్రమంలో, మామూలు పీడనం దగ్గర ఈ జంట సెకనుకు దాదాపు 2 కిలోమీటర్లు పరిగెడుతుంది. ఇంధనం పలచబడ్డ చోట షాక్ బలహీనపడుతుంది. రసాయన చర్యల వేగానికి ఉష్ణోగ్రత అంటే మహా పట్టింపు. షాక్ కొంచెం తగ్గినా అంటుకోవడంలో ఆలస్యం బాగా పెరుగుతుంది. మంట వెనకబడుతుంది, ఇద్దరూ విడిపోతారు. వేగం కన్నా ఈ ఎడబాటే అసలు టెన్షన్. పక్కనే చిక్కటి పొర ఉంటే తరంగం వంగిపోయి, అక్కడి నుంచి ఏటవాలుగా వచ్చిన షాక్ పలచని భాగాన్ని మళ్లీ అంటించనూ వచ్చు.

ఎంత తేడా అయితే లెక్కలోకి వస్తుంది? మసి పూసిన రేకు మీద డెటొనేషన్ చేప పొలుసుల్లాంటి గీతలు వదులుతుంది. ఒక్కో పొలుసు వెడల్పు పైన చెప్పిన మిశ్రమంలో సుమారు 1 సెంటీమీటరు. మీథేన్-గాలిలో దాదాపు 30 సెంటీమీటర్లు. మిశ్రమంలోని ఎగుడుదిగుళ్లు ఆ పొలుసు కన్నా బాగా చిన్నవైతే తరంగం సగటు మిశ్రమంలో వెళ్లినట్టే వెళ్తుంది. ఆ కొలతకు దగ్గరపడినా, దాటినా సగటు లెక్కలు పనికిరావు. తిరిగే డెటొనేషన్ ఇంజన్లలో (ఉంగరం లాంటి గదిలో డెటొనేషన్ చుట్టూ పరిగెత్తే ఇంజన్లు) ఇంధనం, గాలి విడివిడిగా వచ్చి అప్పటికప్పుడు కలుస్తాయి కాబట్టి అక్కడ ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే.